పుడక నాకే

ఐసు ముక్కని చిన్న తువ్వాల్లో చుట్టి ముక్కుకి కుడివైపు అదిమి పట్టుకున్నాను. మొదట చురుక్కుమంది, తర్వాత మండింది, ఇప్పుడు మెల్లగా మొద్దుబారుతోంది, కరిగిన నీళ్లు మణికట్టు మీదుగా మోచేతి దాకా జారి వంటింటి బల్ల మీద చుక్కలు చుక్కలుగా పడుతున్నాయి, తుడవాలని లేదు, పడనీ. బల్ల మీద స్పిరిట్ సీసా, దూది, కాగితం చింపని సూది, ఎర్రటి పల్చటి కాగితంలో పుడక, అన్నీ వరసగా పెట్టాను, ల్యాబ్‌లో పని మొదలుపెట్టే ముందు సర్దుకున్నట్టు, చేతులకి అలవాటైపోయిన సర్దుడు. రేణు నైట్ డ్యూటీ దిగి నేరుగా ఇక్కడికే వస్తానంది. ఆసుపత్రిలో పిల్లల వార్డులో నర్సు తను, "నువ్వు ఐసు పెట్టుకొని తయారుగుండు శశక్కా, నేనొచ్చి రెండు నిమిషాల్ల చేసేస్త" అంది ఫోనులో, సికింద్రాబాదు పిల్ల, తనకి ప్రపంచంలో ఏ పనైనా రెండు నిమిషాలే. కిటికీ అవతల పార్కింగ్ లాట్‌లో ఎవరో కారు అద్దం మీద పేరుకున్న మంచు గీకుతున్నారు, అక్టోబరులోనే మొదలైంది ఈ ఏడు, ఆ గరగర వింటే నా ఒళ్లు ఇప్పటికీ బిగుసుకుంటుంది, ఎందుకంటే ఆ లాట్‌లోనే, నిరుడు జనవరిలో, కారు చుట్టూ మంచు తోడుతూ తోడుతూ మా ఆయన పార పట్టుకునే కూలబడ్డారు, నేను ఈ కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను, కాలు జారిందేమో, లేచి నవ్వుతారేమో అనుకున్నాను, లేవలేదు.

ఇప్పుడు ఈ ప్లెయిన్స్‌బరో అపార్ట్‌మెంట్‌లో ఇద్దరమే ఉంటున్నాం, నేనూ మా అత్తగారూ. ఆవిడ గది తలుపు మూసి ఉంది. రోజూ ఈ పాటికి ఆ తలుపు వెనక నుంచి స్తోత్రాల గొణుగుడు వినిపిస్తుంది, మధ్యలో ఒక దగ్గు, ఒక నిట్టూర్పు, రుక్మిణీ కల్యాణం చదువుకునే పుస్తకం పేజీ తిప్పిన చప్పుడు, ఇవాళ ఏమీ లేదు, నిద్రపోతున్నట్టు కూడా లేదు, నిద్రపోతే గురక వస్తుంది. మంచం మీద గోడకేసి తిరిగి కూర్చుని ఉంటుంది, ఆ నల్లటి స్వెట్టరు వేసుకుని, చేతులు ఒళ్లో పెట్టుకుని. రాజేశ్వరమ్మగారంటే మా వూళ్లో మాట పడే మనిషి కాదు. కొడుకు పోయాక కర్మకాండకని ఎవరో వెంటబెట్టుకుని అమెరికా తీసుకొస్తే వచ్చింది, వెళ్లిపోతుందనుకున్నారందరూ, వెళ్లలేదు, "ఇది ఒక్కతే ఉంటుందా ఇక్కడ" అంది, అంతే, సూట్‌కేసు మంచం కిందకి తోసేసింది. రెండో కొడుకు గోపాల్ మిషిగన్‌లో, ఫార్మింగ్టన్ హిల్స్‌లో పెద్ద ఇల్లు, ఇద్దరు మనవలు, అక్కడికి పోకుండా నా దగ్గరే ఉండిపోయింది, పొద్దున నేను ఆఫీసుకి వెళ్లే వేళకి టిఫిన్ డబ్బా కట్టి పెడుతుంది, సాయంత్రం నేను కారు దిగుతుంటే కర్టెన్ పక్కకి జరిపి చూస్తుంది, ఇన్నాళ్లలో మేమిద్దరం ఆయన గురించి మాట్లాడుకున్నది చాలా తక్కువ, ఒకరి ముందు ఒకరం ఏడ్చింది అంతకన్నా తక్కువ. గురువారం రాత్రి అన్నం తింటుండగా చెప్పాను. "అత్తయ్యా, శనివారం రేణు వస్తుంది. ముక్కు కుట్టించుకుంటున్నాను." ఆవిడ చేతిలో ముద్ద అలాగే ఆగిపోయింది. ముద్ద కంచంలోకి వదిలేసి, "నా ఎదురుగా చెయ్యకు" అంది. లేచి చెయ్యి కడుక్కుంది. అప్పటినుంచి మాటల్లేవు, కానీ టిఫిన్ డబ్బా నిన్న కూడా కట్టింది, అందులో నిమ్మకాయ పులిహోర, నాకిష్టమైనది.

ఎందుకు అని ఒక్కరైనా సరిగ్గా అడగలేదు. ఇప్పుడెందుకు అంటారు, ఈ వయసులో ఎందుకు అంటారు, ఇలా అయ్యాక ఎందుకు అంటారు. ఉత్త ఎందుకు ఎవరూ అడగరు. అడిగితే చెప్పేదాన్ని, మా అక్కకి కుట్టిన రోజు సంగతి. ఏలూరులో మా ఇంటి వసారాలో కంసాలి వచ్చి కూర్చున్నాడు, అక్క చాప మీద కూర్చుంది, నాకు ఎనిమిదేళ్లు, అక్క తర్వాత వంతు నాదే, అక్క పెట్టిన కేక విని నేను లేచి పరుగెత్తాను, ధాన్యం బస్తాల వెనక దూరాను, అమ్మ వచ్చింది, పిన్ని వచ్చింది, చాక్లెట్లన్నారు, పట్టుపరికిణీ అన్నారు, నేను రాను అన్నాను, బస్తా గోనె వాసన, ముక్కులో దుమ్ము, రాను, చంపినా రాను. చివరికి నాన్న వచ్చి వంగి చూసి, "వద్దంటోందిగా, వదిలేయండి" అన్నారు. నా జీవితంలో నేను వద్దన్నది ఒకటి చెల్లింది ఆ రోజు. ఆ వద్దు నాది. కానీ పెళ్లిచూపులకొచ్చిన రోజున శ్యామ్‌సుందర్‌గారు నా మొహంకేసి చూసి "ముక్కు కుట్టించలేదా" అంటే అమ్మ కంగారుగా ఏదో సంజాయిషీ చెప్పబోయింది, ఆయన నవ్వి, "మంచిదేనండీ, నేను అమెరికా వెళ్తున్నాను, అక్కడ వింతగా చూస్తారు" అన్నారు, అందరూ హమ్మయ్య అనుకున్నారు, ఆ క్షణాన నా వద్దు కాస్తా ఆయన మంచిదే అయిపోయింది, నేను గమనించలేదు. తర్వాత పన్నెండేళ్లకి కాబోలు, ఒక ఆదివారం, అద్దంలో చూసుకుంటూ, ముక్కు కుట్టించుకోవాలని ఉందండీ అన్నాను. పేపరు దించకుండా, "ఇప్పుడెందుకు శశీ, ఆఫీసులో అడిగినవాళ్లకల్లా చెప్పుకోలేక చావాలి" అన్నారు. నేనూ ఊరుకున్నాను. చెడ్డవారు కాదు. నన్ను మాస్టర్స్ చదివించారు, పరీక్షల రోజుల్లో ఆయనే కాఫీ కలిపి తెచ్చి పుస్తకం పక్కన పెట్టేవారు, చప్పుడు కాకుండా. ఆయన మీద కోపంతో చేస్తున్నానని గోపాల్ అనుకుంటున్నాడు, కాదు, ఆయన ఉంటే ఈపాటికి మళ్లీ అడిగేదాన్ని, ఈసారి ఊరుకునేదాన్ని కాదు, పోట్లాడేవాళ్లం, ఆ పోట్లాట కూడా లేకుండా పోయింది నాకు.

ఐసు ముక్క అయిపోయింది. ఫ్రిజ్ తీసి ఇంకొకటి, ట్రే వంచితే ఫటఫటమని, ఆ చప్పుడు ఆవిడకి వినిపించే ఉంటుంది, విననీ. అసలు ఇదంతా జయంతి ఇంట్లో మొదలైంది. ఆగస్టులో వ్రతానికి పిలిచింది, పిలిచిందో, అందరితోపాటు ఫోన్ చేసిందో, పిస్కాటవేలో వాళ్ల బేస్‌మెంట్‌లో, గోడలకి చెక్క పలకలు, కింద దట్టమైన నారింజరంగు కార్పెట్, ఆడవాళ్లందరం గుండ్రంగా కూర్చున్నాం, పట్టుచీరలు, ఎయిర్ కండిషనర్ హోరు, ఎవరో హెచ్-వన్ గురించి, ఎవరో మోర్ట్‌గేజ్ రేటు గురించి, నేను జయంతికి పదిహేనేళ్ల స్నేహితురాల్ని, ఆమె పెద్దపిల్ల పుట్టినప్పుడు రాత్రి ఆసుపత్రిలో కూర్చున్నది నేను. పూజ అయింది, కుంకుమ పళ్లెం పట్టుకుని జయంతే లేచింది, ఒక్కొక్కరి దగ్గరా వంగి బొట్టు పెడుతోంది, నా పక్కావిడకి పెట్టింది, నేను మొహం కొంచెం ముందుకి పెట్టాను, అలవాటుగా, ఆలోచించకుండా, పళ్లెం ఇండికేటర్ వేయకుండా లేన్ మారిన కారులా నన్ను దాటి అవతలావిడ దగ్గర ఆగింది. ముందుకి పెట్టిన మొహాన్ని వెనక్కి తీసుకోవడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. ఎవరూ చూడలేదు, అంటే అందరూ చూశారు. వెళ్లేటప్పుడు వంటింట్లో అరటిపళ్ల పొట్లం చేతిలో పెట్టి, "ఏమనుకోకు శశీ, పెద్దవాళ్లున్నారని" అంది, కళ్లల్లో నీళ్లు కూడా ఉన్నాయి, నిజమైన నీళ్లే. ఏమీ అనుకోలేదు అన్నాను. రూట్ వన్ మీద ఎర్రలైటు దగ్గర ఆగి అద్దంలో మొహం చూసుకున్నాను, పొద్దున నేనే పెట్టుకున్న తిలకం నుదుట ఉంది, నేను రోజూ పెట్టుకుంటూనే ఉన్నాను, ఎవర్నీ అడగలేదు, మానలేదు, అయితే ఇంకొకరు పెట్టకపోతే లోటేమిటి అనుకున్నాను, లోటే, కానీ ఆ లోటు నన్ను ఏడిపించకుండా ఒక రకమైన మొండితనం తెచ్చిపెట్టింది, ఎనిమిదేళ్ల పిల్లప్పటి మొండితనం, గోనెల వెనక దూరిన పిల్లది, ఈసారి బయటికి రావాలి అనిపించింది, వచ్చి చాప మీద కూర్చోవాలి అనిపించింది. వెనక కారు హారన్ కొట్టింది, లైటు పచ్చగా మారి ఎంతసేపయిందో.

మాల్‌లో చెవులు కుట్టే కొట్టు ఉంది, అక్కడికి ముందు వెళ్లాను, కౌంటరు దగ్గర అమ్మాయికి ఒక్కో చెవికి నాలుగేసి పోగులు, జుట్టు ఒకవైపు గులాబీ రంగు, ముక్కు అనగానే రెండడుగులు వెనక్కి వేసింది, మేం ముక్కులు చెయ్యం మేడమ్, ఓన్లీ ఇయర్స్ అంది, మీకు డాక్టరు కావాలేమో అంది. మా డాక్టరు, ఒక ముసలాయన, కంప్లెయింట్ ఏమిటి అన్నాడు. కంప్లెయింట్ లేదు అన్నాను. కంప్లెయింట్ లేకుండా కన్నం పెట్టను అన్నాడు. అప్పుడు రేణుకి ఫోన్ చేశాను, తను ఒక్క ప్రశ్న కూడా వెయ్యకుండా, "పుడక కొన్నవా" అంది. పుడకకోసం మన నగల కొట్లుండే జాక్సన్ హైట్స్‌కి ఒక్కదాన్నే డ్రైవ్ చేసుకుంటూ పోయాను. టర్న్‌పైక్ హైవే అంటే ఆయన ఉన్నప్పుడు పక్క సీట్లో కూర్చుని మ్యాప్ పట్టుకోవడమే నాకు తెలిసింది, వంతెన మీద రెండువైపులా ట్రక్కులు, చేతులకి చెమటలు, కిటికీ దించి చిన్నప్పటి పాఠం ఏదో గట్టిగా అప్పజెప్పుకుంటూ వెళ్లాను. కొట్లో గుజరాతీ ఆయన ముఖమల్ గుడ్డ పరిచి పుడకలు వరసపెట్టి, "ఫర్ డాటర్?" అన్నాడు. లేదు అన్నాను. "డాటర్ ఇన్ లా?" మళ్లీ లేదు. నా మెడకేసి చూశాడు, మెడలో ఏమీ లేదు, కళ్లు దించుకున్నాడు. నాకే అన్నాను, తెలుగులో వచ్చేసింది నోటికి, ఫర్ మీ అని మళ్లీ అన్నాను, ఈసారి పక్కన గాజులు చూసుకుంటున్నావిడ తల తిప్పేంత గట్టిగా. ఒంటి రాయి, తెల్లది, ఎర్రది రెండూ ముక్కు దగ్గర పెట్టి చూసుకున్నాను, ఎర్రది తీసుకున్నాను. తెల్లదైతే వెంటనే కనపడదు. నాకు కనపడాలి.

గోపాల్ నిన్న సాయంత్రం ఫోన్ చేశాడు, అత్తయ్య గురువారం రాత్రే చెప్పేసినట్టుంది, నేను స్నానానికి వెళ్లినప్పుడు. మెత్తగా మొదలుపెట్టాడు, వదినా, మీ ఇష్టం కాదనను, మీరు చదువుకున్నవాళ్లు, కానీ అమ్మ మనసు చూడండి, అన్నయ్య పోయి రెండేళ్లు నిండలేదు, నలుగురూ ఏమనుకుంటారు, పోనీ కొన్నాళ్లు ఆగండి. ఎన్నాళ్లాగాలి గోపాల్ అన్నాను. "మీ అన్నయ్య పోయాక నేను ఉద్యోగం మానలేదు, కారు నడపడం మానలేదు, తిండి మానలేదు. అప్పుడు నలుగురూ మెచ్చుకున్నారు, గట్టి మనిషి అన్నారు. ముక్కు దగ్గరకొచ్చేసరికి ఎందుకు ఆగాలి?" "అది వేరు వదినా," అన్నాడు. "ఎలా వేరు?" "అవి అవసరాలు. ఇది సోకు." సోకే, అన్నాను. అవును, సోకే. ఫోన్ పెట్టేశాక కూడా ఆ మాట నోట్లో చాలాసేపు తియ్యగా ఉంది. ల్యాబ్‌లో పక్క బెంచీ అమ్మాయికి సోమవారం ఇలా వస్తానని చెబితే, మతానికి సంబంధించినదా అంది, కాదన్నాను, పెళ్లికి సంబంధించినదా అంది, కాదన్నాను, మరి దేనికి అంది, నా ముక్కుకి అన్నాను. అది నవ్వి, గుడ్ ఫర్ యూ అంది. దానికంత సులభం. దానికి మూసిన తలుపు వెనక మా అత్తయ్య లేదు.

ఆవిడ ముక్కుకి కూడా కన్నం ఉంది. ఎన్నో ఏళ్లయినా పూడలేదు, దగ్గరగా చూస్తే నల్లటి చుక్క, సూదిమొనంత. ఒకసారి చలికాలంలో టీవీ చూస్తూ, అందులో ఎవరో ఆడమనిషి నగలు తీసి పెట్టెలో వేస్తుంటే, ఉన్నట్టుండి చెప్పింది. మామగారు పోయిన పదోరోజున ఆడబిడ్డ వచ్చి కూర్చుందిట పుడక తియ్యడానికి, ఊహ తెలిసినప్పటినుంచీ తియ్యని పుడక, మర పట్టేసింది, నూనె వేశారు, సబ్బునీళ్లు వేశారు, రాలేదు, చివరికి లాగారు. నెత్తురొచ్చిందా అత్తయ్యా అన్నాను. వచ్చింది అంది, టీవీ వైపు చూస్తూనే. నాకు ఏడుపొచ్చింది, ఆవిడకి రాలేదు. ఆవిడ కోపం ఏమిటో నాకు తెలుసు. నాకు తీసినప్పుడు నేను నోరెత్తలేదే, నువ్వు పెట్టుకుంటానంటావేం అని. ఆవిడకి జరిగింది తప్పు అని చెప్పాలంటే ఆవిడ ఓర్చుకున్నదంతా వృథా అని చెప్పినట్టవుతుంది. ఊరుకుంటే ఆవిడకి జరిగింది సరే అన్నట్టవుతుంది. ఇప్పుడైనా లేచి ఆ తలుపు తట్టి, వద్దులే అత్తయ్యా, రేణుకి ఫోన్ చేసి చెప్పేస్తాను అంటే ఎంత తేలిక, మధ్యాహ్నానికి పప్పుచారు, సాయంత్రం టీవీ, అంతా మామూలే. తువ్వాలు బల్ల మీద పెట్టి నిజంగానే లేచాను కూడా. తలుపు దాకా నడిచాను. కొట్టడానికి చెయ్యెత్తాను. లోపల ఆవిడ కూడా తలుపు దగ్గరే నిలబడి ఉందని ఎందుకనిపించిందో, ఊపిరి వినిపించిందేమో. చెయ్యి దించేశాను. వద్దనడం నాకు తెలుసు, ఎనిమిదేళ్లప్పుడే తెలుసు. కావాలనడం ఇప్పుడు నేర్చుకుంటున్నాను, ఇంత దూరం వచ్చి దాన్ని వదలను. వెనక్కి వచ్చి కుర్చీలో కూర్చుని కొత్త ఐసు ముక్క తీసుకున్నాను.

రేణు వచ్చింది, నర్సు యూనిఫాం మీద కోటు, కళ్లకింద నల్లగా, చేతులు వేడినీళ్లతో చాలాసేపు కడుక్కుంది. "భయమైతుందా అక్కా?" "అవుతోంది." "మంచిదే. భయం లేదంటే నాకు భయమైతది." పెన్నుతో చుక్క పెట్టి అద్దం చూపించింది, సరే అన్నాను. సూది కాగితం చింపింది. తగలగానే ఇంతేనా అనిపించింది ఒక్క క్షణం, మరుక్షణం ముక్కులోంచి కంటి వెనక్కి, అక్కణ్ణుంచి నడినెత్తికి ఎవరో వేడి తీగ లాగినట్టయింది, నా తల దానంతటదే పక్కకి పోయింది, కుడికంటినుంచి నీళ్లు ధారగా కారాయి. రేణు చెయ్యి ఆగిపోయింది. "సగమే దిగిందక్కా. నువ్వు కదిలినవ్. చర్మం గట్టిగుంది. తీసేస్తనా? ఇంకో రోజు చూద్దాం." "తియ్యకు," అన్నాను. "నీ తల ఆగుతలేదు." "ఆపకు రేణూ. నేను కావాలని కూర్చున్నాను. దించెయ్." నా గొంతు ఇల్లంతా వినిపించి ఉంటుంది.

గది తలుపు తెరుచుకుంది. స్లిప్పర్ల చప్పుడు, మెల్లగా, కార్పెట్ మీదనుంచి వంటింటి గచ్చు మీదకి. నేను తల తిప్పలేను, రేణు మొహంలో మాత్రం కనిపించింది ఎవరొస్తున్నారో. ఆ నల్ల స్వెట్టరు నా కుర్చీ వెనక ఆగింది, రెండు చేతులు వచ్చి, ఒకటి నుదుటిమీద, ఒకటి గడ్డం కింద, నా తలని వెనక్కి లాగి తన పొట్టకి ఆనించుకుంది, మెత్తగా, గట్టిగా, ఆయన పోయిన రోజున కూడా నన్ను ఇంత దగ్గరికి తీసుకోలేదు. స్వెట్టరు ఉన్ని వాసన, వక్కపొడి వాసన. "నాకిది ఇష్టం లేదు," అంది నా నెత్తిమీదనుంచి, ఎవరితోనో మాట్లాడుతున్నట్టు. "ఆ మాట ఆ మాటే. కానీ సగంలో ఆపితే చీము పడుతుంది. కానియ్యి అమ్మాయ్." రేణు నాకేసి చూసింది. నేను కళ్లతోనే ఊ అన్నాను. సూది మళ్లీ కదిలింది, ఈసారి నా తల ఎటూ పోలేదు, పోవడానికి చోటు లేదు, లోపలికి మొన వచ్చినట్టు తెలిసింది, చల్లగా, అప్పుడే గోడ మీద ఫోను మోగడం మొదలుపెట్టింది. శనివారం పొద్దున దూరం ఫోన్లకి రేట్లు తక్కువ, అది గోపాలే. ఆవిడ ఈ ఇంట్లో మోగే ఫోను ఎప్పుడూ ఎత్తదు, అవతల ఎవరైనా ఇంగ్లీషు మాట్లాడతారేమోనని. మోగుతూనే ఉంది. గడ్డం కింది చెయ్యి తీసింది, నుదుటి మీది చెయ్యి తియ్యలేదు, వెనక్కి వంగి రిసీవరు అందుకుంది, మెలికల తీగ నా భుజానికి రాసుకుంటూ సాగింది.

"ఎవరూ? గోపాలమా. వదిన ఇప్పుడు మాట్లాడదు." అవతలి గొంతు సన్నగా, గబగబా ఏదో అంటోంది, నాకు మాటలు అందలేదు. రేణు పుడక తొడిగి లోపల మర తిప్పుతోంది, ఒక్కో తిప్పుకీ కన్ను చెమ్మగిల్లుతోంది. ఆవిడ వింటూ నుదుటి మీది చెయ్యి ఇంకాస్త అదిమింది.

"ఆఁ, కుడుతున్నారు," అంది. "లేదు నాయనా, ఎవరూ చూడకుండా ఏమీ చెయ్యలేదు. దాని తల నేనే పట్టుకున్నాను."